బయోస్ మారి విండోస్ ఆగిపోతే: ఫార్మాట్ చేయకముందే చూడవలసినవి

మా పక్కింటి అమ్మాయి ఇంజినీరింగ్ చివరి సంవత్సరం చదువుతోంది. ప్రాజెక్టు అప్పగించడానికి నాలుగు రోజులుందనగా ఆమె ల్యాప్‌టాప్ నీలి తెర దగ్గర ఆగిపోయింది. ఆ ఉదయమే ఒక షాపులో వెనుక మూత విప్పించి బ్యాటరీ మార్పించింది. మళ్లీ అక్కడికే తీసుకెళ్తే విండోస్ పాడైందనీ, ఫార్మాట్ చేయక తప్పదనీ, ఫైళ్ల మీద ఆశ వదులుకోవాలనీ చెప్పారట. నేను ల్యాప్‌టాప్ ఆన్ చేస్తూ ఎఫ్2 నొక్కి, విండోస్ కంటే ముందు నడిచే బయోస్ అనే ప్రోగ్రాము సెట్టింగుల్లోకి వెళ్లాను. మొదటి పేజీలోనే తేదీ 2020 జనవరి 1 అని కనిపించింది.

సగం జవాబు ఆ తేదీలోనే ఉంది. బ్యాటరీ తీసినప్పుడు బయోస్‌కు కరెంటు పూర్తిగా ఆగిపోయి, అది గడియారంతోపాటు తన సెట్టింగులన్నీ మరిచిపోయింది. ఫ్యాక్టరీ నుంచి వచ్చిన రోజు ఎలా ఉందో అలా అయిపోయింది. కానీ ఆమె విండోస్ ఫ్యాక్టరీది కాదు. రెండేళ్ల కిందట ఎవరో ఒక బయోస్ సెట్టింగు మార్చి, ఆ తరువాత కొత్తగా ఎక్కించినది. ఇప్పుడు ఆ రెండింటికీ పొత్తు కుదరడం లేదు. అంతే తప్ప డిస్కులో ఒక్క అక్షరం కూడా చెరగలేదు.

ఇలాంటి ల్యాప్‌టాప్‌లను చాలామంది అనవసరంగా ఫార్మాట్ చేయించుకుంటున్నారు. పెళ్లి ఫొటోలు, పిల్లల వీడియోలు, ఏళ్ల తరబడి రాసుకున్న లెక్కలు పోగొట్టుకుంటున్నారు. అది నాకు బాధగా ఉంటుంది, అందుకే ఇంత వివరంగా రాస్తున్నాను.

కంప్యూటర్ ఆన్ కాగానే ముందుగా మేలుకునేది విండోస్ కాదు, మదర్‌బోర్డు మీది చిప్పులో ఉండే ఫర్మ్‌వేర్ అనే ప్రోగ్రాము. పాత బయోస్ స్థానంలోకి యూఈఎఫ్ఐ అనే కొత్త రకం ఫర్మ్‌వేర్ వచ్చి చాలా కాలమైనా అందరం బయోస్ అనే అంటున్నాం, ఇక్కడా ఆ మాటే వాడతాను. డిస్కును ఏ పద్ధతిలో చూపించాలి, ముందుగా దేన్ని నడిపించాలి, టైమెంత, ఏ సంతకం ఉన్న ప్రోగ్రాములను నమ్మాలి అన్నవి బయోస్ తేల్చాకే విండోస్ వంతు వస్తుంది. విండోస్ ఎక్కించిన రోజున ఈ సెట్టింగులు ఎలా ఉన్నాయో దానికి తగ్గట్టుగా అది తనను అమర్చుకుంటుంది. తరువాత సెట్టింగు మారితే, తాళం మార్చిన ఇంటి ముందు పాత తాళంచెవితో నిలబడినట్టు ఉంటుంది దాని పరిస్థితి. ఇంట్లో సామానంతా భద్రంగానే ఉంటుంది. అలాంటప్పుడు ఫార్మాట్ చేయడమంటే ఎలుకలున్నాయని ఇంటికి నిప్పు పెట్టుకోవడమే.

మొదటి పని: ఏదీ మార్చకుండా చూడండి

ముందుగా తెర మీద కనిపిస్తున్న సందేశాన్ని ఫోనుతో ఫొటో తీయండి. తరువాత బయోస్ తెరవండి. డెల్, ఏసర్, ఆసుస్ ల్యాప్‌టాప్‌లలో సాధారణంగా ఎఫ్2, హెచ్‌పీలో ఎఫ్10, లెనోవోలో ఎఫ్2, థింక్‌ప్యాడ్ రకాల్లో ఎఫ్1, డెస్క్‌టాప్‌లలో ఎక్కువగా డిలీట్ కీ. పవర్ బటన్ నొక్కిన వెంటనే ఆ కీని వదలకుండా టకటకా కొడుతూ ఉండాలి. ఒకవేళ విండోస్ తెరుచుకుంటూనే ఉండి మరేదో ఇబ్బంది ఉంటే, షిఫ్ట్ కీ పట్టుకుని రీస్టార్ట్ నొక్కండి. వచ్చే నీలి మెనూలో ట్రబుల్‌షూట్, అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్, యూఈఎఫ్ఐ ఫర్మ్‌వేర్ సెట్టింగ్స్ అని వరుసగా వెళ్తే కీ కొట్టే పని లేకుండా బయోస్ తెరుచుకుంటుంది.

లోపలికి వెళ్లాక ప్రతి పేజీనీ ఫొటో తీయండి. పది ఫొటోలైనా సరే. తరువాత మీరు ఏది మార్చినా వెనక్కి వచ్చే దారి ఆ ఫొటోలే. ఇక్కడ చాలామంది చేసే పొరపాటు ఒకటుంది. ఏమీ తోచక 'లోడ్ డిఫాల్ట్స్' నొక్కేస్తారు. సెట్టింగులు డిఫాల్ట్‌కు వెళ్లడమే అసలు జబ్బు అయినప్పుడు, మళ్లీ అదే మందు వేస్తే ఏమి నయమవుతుంది? దాని జోలికి వెళ్లకండి. మార్చేటప్పుడు కూడా ఒక్కసారికి ఒక్క సెట్టింగే మార్చండి. సేవ్ చేసి, ఫలితం చూసి, పని చేయకపోతే దాన్ని యథాస్థితికి తెచ్చాకే రెండోదాని దగ్గరకు వెళ్లండి.

ఫొటోల్లో మూడు విషయాలు గమనించండి: తేదీ సరిగ్గా ఉందా, మీ డిస్కు పేరు ఎక్కడైనా కనిపిస్తోందా, బూట్ జాబితాలో (ముందుగా దేన్ని నడపాలో చెప్పే జాబితాలో) 'విండోస్ బూట్ మేనేజర్' అన్న వరుస ఉందా.

నీలి తెర, 'ఇన్‌యాక్సెసిబుల్ బూట్ డివైస్'

ఆ అమ్మాయి ల్యాప్‌టాప్‌లో వచ్చిన సందేశం ఇదే. విండోస్ మొదలైంది కానీ తన డిస్కును తానే చదవలేకపోతోందని దీని అర్థం. పది గంటలకు బాగా నడిచిన కంప్యూటర్ పదకొండు గంటలకు ఇలా అయిందంటే, డిస్కు కంటే ముందు స్టోరేజ్ సెట్టింగును అనుమానించాలి.

ఇంటెల్ 11వ తరం ప్రాసెసర్ల నుంచి చాలా ల్యాప్‌టాప్‌లు, డిస్కును విండోస్‌కు ఎలా చూపించాలో తేల్చే వీఎండీ అనే ఏర్పాటు ఆన్ చేసి వస్తున్నాయి. అంతకుముందు వాటిలో దాని స్థానంలో ఆర్‌ఎస్‌టీ లేదా రైడ్ అనే ఏర్పాటు ఉండేది. విండోస్‌ను కొత్తగా ఎక్కించడానికి పెన్‌డ్రైవ్ పెడితే, దానిలో వీఎండీ డ్రైవర్ (ఆ ఏర్పాటు ద్వారా డిస్కును చదవడానికి విండోస్‌కు కావలసిన చిన్న ప్రోగ్రాము) లేకపోవడంతో డిస్కుల జాబితా ఖాళీగా కనిపిస్తుంది. ఎక్కించేవారు అప్పుడు బయోస్‌లోకి వెళ్లి వీఎండీ ఆపేస్తారు. డిస్కు కనిపిస్తుంది, విండోస్ ఎక్కుతుంది, పని అయిపోతుంది. ఎప్పుడో ఒకరోజు బయోస్ డిఫాల్ట్‌కు వెళ్లగానే వీఎండీ మళ్లీ ఆన్ అవుతుంది. ఆ డ్రైవర్ లేని విండోస్ నీలి తెర చూపిస్తుంది.

కాబట్టి ఆ సెట్టింగు ఇప్పుడు ఎలా ఉందో చూసి, రెండో వైపుకు మార్చండి. ఆసుస్‌లో అడ్వాన్స్‌డ్ పేజీలో వీఎండీ సెటప్ మెనూ ఉంటుంది. డెల్‌లో స్టోరేజ్ విభాగంలో రైడ్ ఆన్, ఏహెచ్‌సీఐ (ఆ ఏర్పాటేదీ లేని మామూలు పద్ధతి) అని రెండు ఎంపికలుంటాయి. ఏసర్‌లో అయితే ఈ వరుస దాగి ఉంటుంది. మెయిన్ పేజీలో ఉండగా కంట్రోల్, ఎస్ కలిపి నొక్కితేనే బయటపడుతుంది. మార్చాక ఎఫ్10 నొక్కి సేవ్ చేయండి.

నేను చేసింది ఇంతే. వీఎండీ ఆపి, తేదీ సరిచేసి, ఎఫ్10 నొక్కాను. తెర నల్లబడింది, చుక్కల వలయం తిరిగింది, కొన్ని క్షణాలకు లాగిన్ పేజీ వచ్చింది. ఆ అమ్మాయి పాస్‌వర్డ్ కొట్టి ముందుగా ప్రాజెక్టు ఫోల్డరు తెరిచింది. అన్నీ ఉన్నాయి. మరో మాట లేకుండా పెన్‌డ్రైవ్ తెచ్చి కాపీ చేసుకోవడం మొదలుపెట్టింది. మీరూ అదే చేయండి. విండోస్ తెరుచుకోగానే మొదటి పని కాపీ, తక్కిన మరమ్మతులన్నీ ఆ తరువాతే.

విండోస్ కొత్తగా ఎక్కించే రోజున వీఎండీ ఆపేయడం నాకు ఇష్టముండదు. తయారీదారు వెబ్‌సైట్ నుంచి ఇంటెల్ ఆర్‌ఎస్‌టీ డ్రైవర్‌ను పెన్‌డ్రైవ్‌లోకి విప్పి పెట్టుకుని, డిస్కులు కనిపించని పేజీలో 'లోడ్ డ్రైవర్' నొక్కి దాన్ని చూపిస్తే డిస్కు కనిపిస్తుంది. ఓ పావుగంట ఎక్కువ పడుతుంది. కానీ బయోస్ ఫ్యాక్టరీ స్థితిలోనే ఉంటుంది కాబట్టి, రేపు అది ఎన్నిసార్లు రీసెట్ అయినా మీ విండోస్‌కు ఏమీ కాదు.

ఆర్‌ఎస్‌టీ నుంచి ఏహెచ్‌సీఐకి కావాలనే మారాలనుకునేవారికి ఒక పద్ధతి ఉంది. విండోస్ పక్కన ఉబుంటు అనే లినక్స్ వ్యవస్థ కూడా పెట్టుకోవాలనుకునేవారికి ఈ అవసరం తరచుగా వస్తుంది.

1. పాత సెట్టింగుతోనే విండోస్ తెరవండి. విండోస్ కీ, ఆర్ కలిపి నొక్కి, ఎంఎస్‌కాన్ఫిగ్ (msconfig) అని ఇంగ్లిష్ అక్షరాల్లో టైప్ చేయండి. బూట్ పేజీలో 'సేఫ్ బూట్' గడిలో టిక్ పెట్టండి.
2. రీస్టార్ట్ చేస్తూ నేరుగా బయోస్‌లోకి వెళ్లి సెట్టింగు మార్చి సేవ్ చేయండి.
3. విండోస్ సేఫ్ మోడ్‌లో తెరుచుకుంటుంది. అవసరమైన డిస్కు డ్రైవర్‌ను అక్కడే పట్టుకుంటుంది. ఇక్కడ పిన్ పని చేయకపోవచ్చు, అసలు పాస్‌వర్డ్ గుర్తుంచుకోండి.
4. మళ్లీ ఎంఎస్‌కాన్ఫిగ్‌లో ఆ టిక్ తీసేసి రీస్టార్ట్ చేయండి.

దీనికి ముందు బిట్‌లాకర్ (విండోస్ డిస్కుకు వేసే తాళం) సంగతి తప్పక చూసుకోవాలి. దాని గురించి కింద వివరంగా ఉంది.

నల్ల తెర, 'బూట్ డివైస్ లేదు'

ఇక్కడ విండోస్ మొదలే కాలేదు. డిస్కు పేరు బయోస్‌లో కనిపిస్తున్నా అందులో నడపదగినదేదీ దానికి దొరకలేదు. కారణం ఎక్కువగా లెగసీ, యూఈఎఫ్ఐ పద్ధతుల తేడాయే.

పాత లెగసీ పద్ధతిలో ఎక్కిన విండోస్ డిస్కు, ఏ భాగం ఎక్కడుందో చెప్పే ఎంబీఆర్ అనే పట్టికతో ఉంటుంది. యూఈఎఫ్ఐ పద్ధతిలో ఎక్కినది జీపీటీ పట్టికతో ఉంటుంది. బయోస్ ఒక పద్ధతిలో, డిస్కు మరో పద్ధతిలో ఉంటే ఒకదాన్నొకటి గుర్తుపట్టవు. మీ డిస్కు ఏ రకమో తెలుసుకోవడానికి విండోస్ ఇన్‌స్టాల్ పెన్‌డ్రైవ్‌తో కంప్యూటర్ తెరిచి, మొదటి పేజీలో షిఫ్ట్, ఎఫ్10 నొక్కండి. నల్లని కమాండ్ కిటికీ వస్తుంది. అందులో డిస్క్‌పార్ట్ (diskpart) అనీ, ఆ తరువాత లిస్ట్ డిస్క్ (list disk) అనీ టైప్ చేయండి. కుడి చివర జీపీటీ వరుసలో నక్షత్రం (*) గుర్తు ఉంటే బయోస్‌ను యూఈఎఫ్ఐలో పెట్టాలి. అది లేకపోతే లెగసీ (కొన్ని బయోస్‌లలో దీని పేరు సీఎస్‌ఎం) ఆన్ చేయాలి. ఈ రెండు ఆదేశాలూ చూపించడమే తప్ప దేన్నీ మార్చవు, భయపడకండి. డిస్క్‌పార్ట్‌లో క్లీన్ అనే ఆదేశం మాత్రం ఎవరు చెప్పినా టైప్ చేయవద్దు. అది పట్టికనే తుడిచేస్తుంది.

డిస్కు జీపీటీయే, బయోస్ యూఈఎఫ్ఐలోనే ఉంది, అయినా విండోస్ బూట్ మేనేజర్ వరుస మాయమైంది అంటే బయోస్ తన చిట్టాలోని ఆ ఒక్క పేరు పోగొట్టుకుందని అర్థం. కొన్ని బయోస్‌లలో 'యాడ్ బూట్ ఆప్షన్' ఉంటుంది. దానిలో ఈఎఫ్ఐ ఫోల్డరు, అందులో మైక్రోసాఫ్ట్, అందులో బూట్, చివరగా బూట్‌ఎంజీఎఫ్‌డబ్ల్యూ (bootmgfw.efi) అనే ఫైలును ఎంచుకుంటే వరుస మళ్లీ వస్తుంది. ఆ సౌకర్యం లేకపోతే ఇన్‌స్టాల్ పెన్‌డ్రైవ్‌లోని 'రిపేర్ యువర్ కంప్యూటర్'కు వెళ్లి స్టార్టప్ రిపేర్ నడపండి.

విండోస్ 11కు మారడం కోసం పాత ఎంబీఆర్ డిస్కును జీపీటీగా మార్చాలనుకుంటే, 2017 నుంచి విండోస్ 10లోనే ఎంబీఆర్2జీపీటీ అనే పనిముట్టు ఉంది. ఫైళ్లు పోకుండా మారుస్తుంది. వరుస మాత్రం తప్పకూడదు. ముందు ఫైళ్లకు నకలు తీసి, తరువాత పనిముట్టుతో పరీక్ష నడిపి, అది సరే అన్నాక డిస్కును మార్చి, ఆఖరున బయోస్‌ను యూఈఎఫ్ఐకి తిప్పాలి. బయోస్‌ను ముందుగా తిప్పితే మళ్లీ ఈ నల్ల తెరే ఎదురవుతుంది.

రికవరీ కీ అడిగితే

అన్నింటికంటే భయపెట్టే తెర ఇది. 48 అంకెలు అడుగుతుంది. చాలామందికి తమ డిస్కుకు బిట్‌లాకర్ తాళం ఉందన్న సంగతే అప్పటిదాకా తెలియదు. మైక్రోసాఫ్ట్ ఖాతాతో కొత్త విండోస్ 11 మొదలుపెడితే చాలా కంప్యూటర్లలో అది తనంతట తానే డిస్కుకు తాళం వేస్తుంది. తాళంచెవిని టీపీఎం అనే భద్రతా చిప్పు దాచుకుంటుంది. కంప్యూటర్ ఆన్ అయిన ప్రతిసారీ బయోస్ స్థితిని కొలిచి చూసి, నిన్నటిలాగే ఉంటేనే చెవిని ఇస్తుంది. సెక్యూర్ బూట్ (దీని గురించి కింద ఉంది) ఆపినా, బయోస్ అప్‌డేట్ చేసినా, కొన్నిసార్లు బూట్ వరుస మార్చినా కొలత మారుతుంది. అప్పుడు చిప్పు చెవిని ఇవ్వదు.

అందుకే మొదటి ఉపాయం, మీరు మార్చిన సెట్టింగును పాత స్థితికి తీసుకెళ్లడం. కొలత మళ్లీ కుదిరితే చాలాసార్లు కీ అడగకుండానే విండోస్ తెరుచుకుంటుంది.

అది కుదరకపోతే కీ వెతకాలి. తెర మీద కీ ఐడీ అని కొన్ని అక్షరాలు కనిపిస్తాయి. మొదటి ఎనిమిది రాసుకోండి. ఫోనులో మైక్రోసాఫ్ట్ ఖాతా తెరిచి, డివైసెస్ విభాగంలో రికవరీ కీల పేజీలో ఆ ఐడీకి సరిపోయే కీ ఉందేమో చూడండి. మీ ఖాతాలో లేకపోతే, ఆ కంప్యూటర్ కొన్న రోజు దాన్ని ఎవరి మెయిల్‌తో మొదలుపెట్టారో గుర్తు చేసుకోండి. మన ఇళ్లలో ఇది ఎక్కువగా జరుగుతుంది. సెలవులకు అమెరికా నుంచి వచ్చిన కొడుకు తన మెయిల్‌తో అమర్చి వెళ్తాడు, కీ అతని ఖాతాలో ఉంటుంది. ఒక్క ఫోనుతో పని తేలిపోతుంది. ఆఫీసు ల్యాప్‌టాప్ అయితే కీ కంపెనీ ఐటీ విభాగం దగ్గర ఉంటుంది. ఎక్కడా దొరకకపోతే మాత్రం ఆ డిస్కును ఎవరూ తెరవలేరు. తెరిపిస్తామని డబ్బు అడిగేవారిని నమ్మకండి.

ఏఎండీ ప్రాసెసర్ ఉన్న కంప్యూటర్లలో బయోస్ అప్‌డేట్ చేశాకో ప్రాసెసర్ మార్చాకో నల్ల తెర మీద ఎఫ్‌టీపీఎం (ప్రాసెసర్‌లోనే ఉండే టీపీఎం) రీసెట్ చేయాలా అని ఒక ప్రశ్న రావచ్చు. వై నొక్కితే చిప్పు పాత తాళంచెవులన్నీ పారేస్తుంది. కీ మీ చేతిలో ఉందని రూఢి అయ్యేదాకా ఎన్ నొక్కండి. చదవకుండా వై కొట్టేసి తరువాత కీ లేక ఆగిపోయినవారి బాధ చూశాను కాబట్టి మరీ మరీ చెబుతున్నాను.

కంప్యూటర్ బాగా నడుస్తున్న ఈ రోజే కీని కాగితం మీద రాసి ఇంటి పత్రాలతోపాటు పెట్టుకోండి. బయోస్‌లో ఏదైనా మార్చే ముందు, విండోస్ ప్రో ఉన్నవారు కంట్రోల్ ప్యానెల్‌లోని బిట్‌లాకర్ పేజీలో 'సస్పెండ్ ప్రొటెక్షన్' నొక్కితే ఆ మార్పుకు తాళం అడ్డురాదు.

గడియారం ఐదున్నర గంటలు తప్పితే

ఉబుంటు, విండోస్ రెండూ పెట్టుకున్నవారికి ఇది బాగా తెలిసిన చిక్కు. ఉబుంటు వాడి విండోస్‌కు రాగానే టైము సరిగ్గా ఐదున్నర గంటలు వెనుక ఉంటుంది. మదర్‌బోర్డు గడియారంలో ఉన్నది స్థానిక సమయమని విండోస్ అనుకుంటుంది. లినక్స్ అందులో ప్రపంచ ప్రామాణిక సమయం రాస్తుంది. మన సమయానికీ దానికీ ఐదున్నర గంటల తేడా కాబట్టి అంతే తప్పు కనిపిస్తుంది. డాలస్‌లో ఉన్నవారికైతే విండోస్ టైము ఎండాకాలంలో ఐదు గంటలు, చలికాలంలో ఆరు గంటలు ముందుకు పోతుంది.

ఉబుంటు టెర్మినల్‌లో టైమ్‌డేట్‌సీటీఎల్ సెట్-లోకల్-ఆర్‌టీసీ 1 (timedatectl set-local-rtc 1) అనే ఆదేశం ఇస్తే అది కూడా విండోస్ పద్ధతికి వస్తుంది. ఆదేశాన్ని ఇంగ్లిష్ అక్షరాల్లోనే ఇవ్వాలి.

తప్పు ఐదున్నర గంటలు కాకుండా ఏకంగా ఏళ్ల వెనుకకు పోతుంటే సంగతి వేరు. డెస్క్‌టాప్‌లో ప్లగ్ తీసిన ప్రతిసారీ తేదీ వెనక్కి పోతే, మదర్‌బోర్డు మీది రూపాయి బిళ్లంత సెల్లు అయిపోయినట్టే. సీఆర్2032 అని అడిగితే వాచీల దుకాణంలోనూ దొరుకుతుంది. దాన్ని మార్చే ముందు బయోస్ పేజీల ఫొటోలు తీయడం మరవకండి, ఎందుకంటే సెల్లు తీయగానే సెట్టింగులన్నీ పోతాయి. తేదీ తప్పుగా ఉన్నంతకాలం బ్రౌజర్ కూడా వెబ్‌సైట్లు సురక్షితం కావని మొరాయిస్తుంది.

సెక్యూర్ బూట్

2012లో విండోస్ 8తో ఇది ఇళ్లలోకి వచ్చింది. తాను నమ్మే సంతకం ఉన్న ప్రోగ్రామునే బయోస్ నడపనిస్తుంది. 2024 ఆగస్టులో వచ్చిన ఒక విండోస్ అప్‌డేట్ పాత లినక్స్ లోడర్లను (లినక్స్‌ను మొదలుపెట్టే ప్రోగ్రాములను) తిరస్కరించడంతో, రెండూ పెట్టుకున్న చాలామందికి లినక్స్ తెరుచుకోలేదు. తెర మీద 'షిమ్ ఎస్‌బాట్' అన్న మాటలు కనిపిస్తే అది ఇదే. తాత్కాలికంగా సెక్యూర్ బూట్ ఆపి, లినక్స్‌ను పూర్తిగా అప్‌డేట్ చేసి, మళ్లీ ఆన్ చేయండి. ఆపడానికి ముందు బిట్‌లాకర్ కీ చేతిలో ఉండాలి.

2011లో జారీ చేసిన సెక్యూర్ బూట్ సర్టిఫికెట్ల గడువు 2026 జూన్ నుంచి ఒక్కొక్కటిగా ముగుస్తుంది. కొత్తవి విండోస్ అప్‌డేట్ ద్వారానే వస్తాయి, కొన్ని కంప్యూటర్లకు తయారీదారు బయోస్ అప్‌డేట్ కూడా కావాలి. అప్‌డేట్లు ఆపేసుకున్నవారు తిరిగి ఆన్ చేసుకోండి.

డిస్కు పేరే కనిపించకపోతే

ఇంతవరకు చెప్పినవన్నీ బయోస్‌కు డిస్కు కనిపిస్తున్నప్పటి మాట. వీఎండీని రెండు వైపులా మార్చి చూసినా బయోస్‌లో ఎక్కడా డిస్కు పేరు లేకపోతే ఇది సెట్టింగుల గొడవ కాదు. ల్యాప్‌టాప్ ఈమధ్యే విప్పి ఉంటే డిస్కు కదిలి ఉండవచ్చు, తీసి గట్టిగా అమర్చమని అడగండి. అప్పటికీ రాకపోతే, లేదా హార్డ్ డిస్కు నుంచి టక్ టక్ అని శబ్దం వస్తుంటే, ఇక పదే పదే ఆన్ చేసి చూడకండి. ఆపేసి, డేటా రికవరీ చేసేవారికి ఇవ్వండి. 'ముందు ఫైళ్లు కావాలి, నన్ను అడగకుండా ఫార్మాట్ చేయవద్దు' అని రసీదు మీద రాయించుకోండి.